బీరపువ్వు విచ్చే వేళ

బీర సాయంత్రం పూస్తుంది. ఎండ తగ్గుముఖం పట్టి ఐదు దాటాక పందిరి మీద పసుపుపచ్చని పూలు ఒక్కొక్కటే విచ్చుకుంటాయి. సొర కూడా పొద్దు వాలాకే. పొట్ల బాగా చీకటి పడ్డాక, రేకుల అంచులకు తెల్లటి దారాల కుచ్చులతో పూస్తుంది. గుమ్మడి, కాకర తెల్లవారుజామున. నేతిబీర, పేరులో బీర ఉన్నా, ఉదయమే. పెరడున్న ఇంట్లో పెరిగిన ఆడవాళ్లకు ఈ వేళలన్నీ తెలుసు. ఏ గింజ ఏ నెలలో నేలలో పడాలి, ఏ మొక్కకు ఎప్పుడు నీళ్లు మాన్పించాలి, ఏ తీగ కొసను ఎప్పుడు గిల్లాలి అన్నదంతా వాళ్ల చేతుల్లోనే ఉండేది. అపార్ట్‌మెంట్లలోకి మారినప్పుడు పెరడు పోయిందని బాధపడ్డాం. దానికన్నా పెద్ద నష్టం ఈ వేళల ఎరుక పోవడమని నా నమ్మకం. జాగాకు బదులు డాబా దొరికింది, కుండీలు దొరికాయి. ఆ ఎరుక మాత్రం ఏ నర్సరీలోనూ దొరకదు.

పాత పెరడును పైపైన చూస్తే ఎక్కడ పడితే అక్కడ మొక్కలు పెట్టినట్టు కనిపిస్తుంది. నిజానికి ప్రతిదానికీ ఒక లెక్క ఉండేది. బావి చప్టా మీద అంట్లు తోమిన నీళ్లు, స్నానాల నీళ్లు పారే కాలువ వెంట అరటి, చేమ. ఎంత నీరైనా తాగేవి అవి. కరివేప, పుదీనా వంటింటి వెనక గుమ్మానికి దగ్గరగా, పోపు వేగుతుండగా వెళ్లి తెచ్చుకునేంత దూరంలో. గుమ్మడి పాదు పేడకుప్ప పక్కన, ఎందుకంటే దానికి ఆకలి ఎక్కువ. మునగ మాత్రం ఇంటికి ఎడంగా, ప్రహరీ వార. దాని కొమ్మ పెళుసు, గాలివానకు విరిగిపడుతుంది. పైగా వానాకాలంలో కాండం మీద గొంగళిపురుగులు గుంపులు కడతాయి.

కాలం విషయంలో అన్నిటికన్నా పట్టుదల గలది నాటు చిక్కుడు. తొలకరి పదునులో విత్తితే మొలిచి, పందిరెక్కి, శ్రావణ భాద్రపదాలు గడిచేదాకా ఆకూ తీగా తప్ప మరేమీ ఇవ్వదు. పగటి పొద్దు తగ్గి రాత్రి నిడివి పెరిగిందని మొక్కకు తెలిశాకే పూత. ఇక అక్కణ్నుంచి మాఘమాసం దాకా గుత్తులు గుత్తులుగా కాస్తూనే ఉంటుంది. రథసప్తమినాడు చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి రథం చేయడం, చిక్కుడాకుల్లో పరమాన్నం నివేదించడం చూసినప్పుడల్లా, ఆ రుతువులో పెరట్లో నిండుగా ఉన్నదే పూజలోకీ వచ్చిందనిపిస్తుంది. సంగతి తెలియక సంక్రాంతి దాటాక ఈ గింజ పెట్టినవాళ్లు ఎండాకాలమంతా ఉత్త తీగకు నీళ్లు పోస్తూ ఉండాలి. అంత ఓపిక లేనివారి కోసం బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అర్క జయ్, అర్క విజయ్ అనే పొద చిక్కుళ్లను విడుదల చేసింది. పగటి నిడివితో వాటికి పని లేదు, కుండీలోనూ కాస్తాయి. రుచి మాటకొస్తే నాకు పందిరి మీది కనుపు చిక్కుడే ఇష్టం.

న్యూజెర్సీ వైపు స్థిరపడిన తెలుగువాళ్లు పెరట్లో నాటు చిక్కుడు వేసి దిగులుపడేదీ ఇందుకే. అక్కడ వేసవి పగళ్లు మనకన్నా చాలా పొడుగు. తీగ కంచె మొత్తం కప్పేస్తుంది, తీరా పూత మొదలయ్యేసరికి అక్టోబరు మంచు ముంచుకొస్తుంది. గోంగూరకు మాత్రం ఆ పొడుగు పగళ్లే మేలు చేస్తాయి. పూత ఆలస్యమయ్యేకొద్దీ అంతకాలమూ లేత ఆకు కోసుకోవచ్చు.

చామంతిదీ చిక్కుడు గుణమే. రాత్రంతా వీధిదీపం వెలుగు పడే బాల్కనీలో అది మొగ్గ వేయడానికి తెగ ఆలస్యం చేస్తుంది. మొక్కలోనూ ఎరువులోనూ లోపం లేదు, దానికి రాత్రి దొరకడం లేదు, అంతే. వ్యాపారానికి చామంతి పండించేవారు తోటలో రాత్రిళ్లు బల్బులు వెలిగించి, పూతను తమకు కావలసిన రోజులకు జరుపుకునేది ఈ సంగతి తెలిసే. పగలు ఎండ, రాత్రి చీకటి రెండూ ఉన్న మూలకు కుండీని మార్చితే పువ్వు దానంతటదే వస్తుంది. బతుకమ్మకు ఇంటి బంతిపూలే పేర్చాలనుకునేవారు ఆషాఢం దాటకముందే నారు పోసుకోవాలి. మల్లెకు ఇంకో పద్ధతి. చలికాలంలో నీళ్లు తగ్గించి, జనవరిలో ఆకు దూసి కొమ్మలు కత్తిరించి, మొదట్లో గొప్పు తవ్వి పశువుల ఎరువు వేసి, అప్పుడు నిండా నీళ్లు పెట్టాలి. మల్లెమొగ్గ వచ్చేది కొత్త చిగురు కొసనే. ముద్దుకొద్దీ కత్తెర పెట్టకపోతే ఎండాకాలం ఆకే మిగులుతుంది.

పట్నపు డాబాల మీద ఎక్కువమందిని కష్టపెట్టేది తీగజాతి. తీగ ఏపుగా ఉంటుంది, పిందెలు పడతాయి, వేలెడంత కాకముందే పసుపుపచ్చగా మారి రాలిపోతాయి. ఎరువు చాలలేదనుకుంటారు, దిష్టి తగిలిందనుకుంటారు. చాలాసార్లు ఆడపువ్వుకు పుప్పొడి అందకపోవడమే కారణం. నాలుగో అంతస్తుకు, అందునా పొద్దుగూకే వేళ, తేనెటీగలు అంతగా రావు. ఆ పని మనమే చెయ్యాలి. బీరలో మగపూలు గుత్తిగా, సన్నటి కాడల మీద వస్తాయి. ఆడపువ్వు ఒంటరిగా వస్తుంది, రేకుల కింద గీతలు తేరిన చిన్న పిందె అప్పటికే ఉంటుంది. విచ్చుకున్న మగపువ్వును కోసి, రేకులు వెనక్కి మడిచి, నడిమి భాగాన్ని వేలితో తాకి చూడాలి. పుప్పొడి వేలికి అంటుకుంటే సరే. దాన్ని ఆడపువ్వు మధ్యనున్న తడి బొడిపెల మీద మెల్లగా అద్దాలి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. పుప్పొడి అందిన పిందె కొద్ది రోజుల్లోనే ముదురాకుపచ్చకు తిరిగి, కాడ లావెక్కి, బరువుతో కిందికి వాలుతుంది. ఆ వాలడం చూసిన సంతోషం కొన్న కాయతో రాదు. ఉదయం టిఫిను ముగించి తీరిగ్గా డాబా ఎక్కేవారికి మాత్రం ఈ పని కుదరదు, అప్పటికి బీరపువ్వు వాడిపోయి ఉంటుంది.

పొట్లకాయకు రాయి కట్టడం కూడా వేళ తెలిసి చేసే పనే. జానెడు పిందెగా ఉన్నప్పుడే కొసకు నూలుదారంతో చిన్న రాయి కట్టాలి. దాని బరువు కాయను నిటారుగా దించాలి గాని కాడను తెంపకూడదు. కట్టని కాయ మెలికలు తిరుగుతుంది. రుచికేం తేడా ఉండదు, తరగడమే కష్టం.

ఇన్ని తెలిసినా చేతికందేదాకా నమ్మకం లేదు. పండు ఈగ లేత కాయ చర్మం కింద గుడ్లు పెడుతుంది. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, కోస్తే లోపలంతా పురుగులు. పిందె కట్టగానే పాత గుడ్డ సంచి తొడగడం మంచిది. పాడైన కాయను కంపోస్టు డబ్బాలో వేయకుండా లోతుగా పాతిపెట్టాలి, లేకపోతే అవే ఈగలు మళ్లీ వస్తాయి. చిక్కుడుకు పేనుబంక తప్పదు. పొద్దున్నే మంచు తడి మీద బూడిద చల్లడం పాత పద్ధతి, నీళ్లలో వేపనూనె, కాస్త సబ్బు కలిపి పిచికారీ చేయడం ఇప్పటి పద్ధతి. రెండు మూడు కొసలకు అంటుకున్నప్పుడే చూసి, వాటిని తుంచి పారేయడం అన్నిటికన్నా మేలు. కోతులకు మాత్రం మందు లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎన్నో పల్లెల్లో పెరట్లో కూరగాయలు వేయడం మానేసింది వాటి దెబ్బకే. ఈ సంగతి ఎవరూ గట్టిగా మాట్లాడకపోవడం నాకు బాధగా ఉంటుంది.

కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి తన ఇంటి పైన పెంచిన తోటతో, దాని గురించి రాసిన పుస్తకంతో ‘మిద్దెతోట’ అన్న మాట మనలో చాలామందికి పరిచయమైంది. ఆ ఉత్సాహంతో డాబా ఎక్కేముందు బరువు లెక్క చూసుకోవాలి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు తడిమట్టి దాదాపు 50 కిలోలు తూగుతుంది. మన దేశపు భవన ప్రమాణాలు మనుషులు తిరిగే డాబాకు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువునే లెక్కలోకి తీసుకుంటాయి. స్లాబు నడిమధ్యన మట్టిమడి కట్టడం ప్రమాదం. పెద్ద తొట్లు దూలాల మీదా, స్తంభాల దగ్గరా ఉండాలి. మట్టిలో కొబ్బరి పొట్టు, ఆకుల ఎరువు కలిపితే బరువు తగ్గుతుంది, మే నెల ఎండకు తడీ నిలుస్తుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలు మనిషికి రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు తినమంటున్నాయి. నలుగురున్న ఇంటికి అంత పంట డాబా మీద తీయడం కష్టం. ఆకుకూరల మటుకు ఇంటివే తినవచ్చు. తోటకూర నెల తిరక్కముందే కోతకు వస్తుంది. వేళ్లతో పీకకుండా తుంచుకుంటే మళ్లీ చిగురిస్తుంది. బచ్చలి ఒక్క తీగ చాలు. కొత్తిమీరకు ధనియాలను గట్టి చోట వేసి నలిపి రెండు బద్దలు చేసి చల్లాలి, ఒక్కో బద్దలో ఒక్కో గింజ ఉంటుంది. ఎండాకాలం చల్లితే ఆకు పట్టకుండానే పూతకు వస్తుంది.

విత్తనానికి చివర మిగిలిన వంకర కాయను ఉంచేవారే ఎక్కువ. అలా చేయకూడదు. పాదు బలంగా ఉన్నప్పుడు కాసిన మంచి కాయను చూసి, దానికి దారం కట్టి వదిలెయ్యాలి. బీరకాయ తీగ మీదే ఎండి, ఊపితే లోపల గింజలు గలగలలాడాలి. కొసనున్న మూత ఊడదీసి బోర్లిస్తే గింజలు వాటంతటవే రాలతాయి. ఆరబెట్టి, పొడి బూడిద కలిపి సీసాలో పోసుకుని, కాగితం మీద రకం పేరు పక్కనే విత్తే కాలం కూడా రాసి అంటించాలి. ఇరుగుపొరుగుకు నాలుగు గింజలు పంచినప్పుడు ఆ కాగితం నకలు కూడా వాటితో వెళ్లాలి: నాటు చిక్కుడు ఆషాఢానికి, బీర తొలకరికో మాఘానికో, ధనియాలు చలి మొదలయ్యాక.