వరసా, పొందికా? – ఫుట్‌బాల్ వీడియో గేముల్లో జట్టుతనం

కిందటి నెల మా ఎం.ఏ. విద్యార్థి ఒకడు వచ్చి "టీమ్ కెమిస్ట్రీ"కి తెలుగు మాట చెప్పమన్నాడు. నాయికానాయకుల మధ్య కెమిస్ట్రీ పండిందని సినిమా సమీక్షకులు రాస్తూనే ఉన్నారు గనుక అదే ఉంచెయ్యమన్నాను. అతనడిగింది ఫుట్‌బాల్ వీడియో గేమ్ సంగతి. అక్కడ దీనికి అంకెలున్నాయి. 'పొందిక' అనే మాట నోటిదాకా వచ్చింది గాని, ఆ అంకెలు ఎలా వేస్తారో చూశాక ఇవ్వబుద్ధి కాలేదు.

ఫిఫా గేమ్‌లో 2009 నుంచి 'అల్టిమేట్ టీమ్' అనే విభాగం ఉంది. (2023 నుంచి ఆ గేమ్ పేరు ఇఏ స్పోర్ట్స్ ఎఫ్‌సి.) ఇందులో ఆటగాళ్లు కార్డుల రూపంలో దొరుకుతారు, వారిలోంచి 11 మందిని ఏర్చి జట్టు కూర్చుకోవాలి. కూర్పు కుదిరిందో లేదో మూడు గడులు చూసి తేలుస్తారు: దేశం, లీగ్, క్లబ్. పాత పద్ధతిలో పక్కపక్క స్థానాల్లో నిలిచినవారి మధ్య గీతలు గీసి ఈ మూడూ సరిచూసేవారు. 2022లో వచ్చిన ఫిఫా 23 ఆ గీతలు తీసేసింది. ఇప్పుడు జట్టు మొత్తాన్ని లెక్కపెడతారు. ఒకే దేశస్థులు 8 మంది ఉంటే చాలు, వారిలో ఒక్కొక్కరికీ పూర్తి 3 పాయింట్లు. జట్టుకు గరిష్ఠం 33.

ఈ లెక్కను ఒక నిజమైన జట్టుకు వేసి చూద్దాం. 2010లో దక్షిణాఫ్రికాలో జరిగిన ప్రపంచ కప్పుకు వెళ్లిన ఫ్రాన్స్ జట్టులో ఏ 11 మందిని వారి వారి స్థానాల్లో నిలబెట్టినా 33కు 33 వస్తాయి. జరిగిందేమిటి? మెక్సికోతో మ్యాచ్ విరామ సమయంలో శిక్షకుడు డొమెనెక్‌ను దూషించాడని అనెల్కాను ఇంటికి పంపేశారు. దానికి నిరసనగా జూన్ 20న నైస్నాలో ఆటగాళ్లు సాధన మానేసి బస్సెక్కి కూర్చున్నారు. వాళ్లు రాసిన ప్రకటనను విలేకరుల ముందు డొమెనెక్కే చదవాల్సి వచ్చింది! మూడు మ్యాచ్‌ల్లో ఒక్క పాయింటుతో గ్రూపు అడుగున నిలిచి ఆ జట్టు ఇంటిముఖం పట్టింది.

ఆట నియమంగా దీన్ని తప్పుపట్టను. చదరంగంలో గుర్రం వంకరగా దూకుతుందంటే అది గుర్రాల నడక మీద సిద్ధాంతం కాదు గదా. ఈ కట్టడి లేకపోతే కార్డులు కొనగలిగిన ప్రతివాడూ అవే 11 మందిని దించుతాడు. నా పేచీ పేరుతోనే. గడుల్లో రాసినవి కలవటం వేరు, మనుషులు కలవటం వేరు. జనాభా లెక్కలవారు వస్తే హోసూరు కుర్రవాడూ బరంపురం కుర్రవాడూ మాతృభాష దగ్గర ఒకే పేరు రాయిస్తారు. ఆ ఇద్దర్నీ ఒక గదిలో పెట్టండి. ఒకరి తెలుగు ఇంకొకరి చెవికెక్కటానికి కొన్నాళ్లు పడుతుంది. ఆ కొన్నాళ్లకు ఈ గేమ్‌లో లెక్క లేదు. పాత పద్ధతిలో మన జట్టు తరఫున 10 మ్యాచ్‌లు ఆడినవాడికి విశ్వాసం పేరిట ఒక పాయింటు కలిపేవారు. కాలానికి దక్కిన ఆ కాస్త చోటూ ఫిఫా 23తో పోయింది.

ఈ విషయంలో ఫుట్‌బాల్ మేనేజర్ మేలు. 1992లో కాలియర్ సోదరులు ఇంగ్లండులో తెచ్చిన చాంపియన్‌షిప్ మేనేజర్‌కు ఇది వారసురాలు. దీని 2018 సంచిక నుంచి జట్టులో ఎవరి మాట చెల్లుతుందో, ఎవరు ఎవరితో తిరుగుతారో చూపిస్తున్నారు. దేశమొక్కటే కాక క్లబ్బులో ఎన్నాళ్లుగా ఉన్నాడన్నదీ లెక్కకొస్తుంది. భాషాశాస్త్రం చదువుకున్నవాణ్ని గనుక నన్ను పట్టుకున్నది మరొకటి: స్థానిక భాష రాని కొత్త ఆటగాడు ఇక్కడ ఆలస్యంగా కుదురుకుంటాడు, కావాలంటే అతన్ని భాష నేర్చుకోవటానికి పంపవచ్చు. మాట తెలియనివాడికి బంతి అందటం కష్టమని గ్రహించిన గేమ్ ఇది.

రెండో గుణం నిబ్బరం. ఫిఫాలో ఇది 2016లో వచ్చిన ఫిఫా 17తో చేరింది. ప్రత్యర్థి ఎంత దూరంలో ఉండగా బంతి ఉన్నవాడికి ఒత్తిడి మొదలవుతుందో చెప్పే అంకె అని దాని నిర్వచనం. అంటే భయాన్ని అడుగుల్లో కొలుస్తున్నారన్నమాట. పెనాల్టీ తన్నేవాడి దగ్గర ప్రత్యర్థి ఎవడూ ఉండడు; గోల్‌కీపర్ గీత మీద ఉంటాడు. 1994 ప్రపంచ కప్పులో జూలై 5న నైజీరియా మీద రాబర్టో బాజ్జో 88వ నిమిషంలో గోలు చేసి ఇటలీని నిలబెట్టాడు, అదనపు సమయంలో పెనాల్టీతో గెలిపించాడు. పన్నెండు రోజుల తరువాత ఫైనల్లో, తొడ కండరం నొప్పితోనే ఆడి, చివరి పెనాల్టీని గోలు కొయ్య మీదుగా పైకి తన్నాడు. కప్పు బ్రెజిల్‌కు పోయింది. అంకె అంటే సంభావ్యత, రెండూ జరగవచ్చు గదా అని గేమ్ పక్షాన వాదించవచ్చు. ఒప్పుకుంటాను. కాని ఆ రెండు తన్నులకూ మధ్య మనిషికి ఏమైందో సంభావ్యత చెప్పదు. ఫుట్‌బాల్ మేనేజర్‌లో నిబ్బరానికి 20కి మార్కులు కనబడతాయి. ఒత్తిడిని తట్టుకునే గుణం, పెద్ద మ్యాచ్‌ల్లో తీరు మాత్రం దాచిపెడతారు. పరిశీలకుల నివేదికల్లోని మాటలు చదివి మనమే ఊహించుకోవాలి. ఇరుగుపొరుగును మనం తెలుసుకునేదీ అలాగే.

విద్యార్థికి చివరికి రెండు మాటలిచ్చాను. ఫుట్‌బాల్ మేనేజర్‌లోనిది పొందిక. కార్డుల గేమ్‌లోది వరస. పెళ్లి పందిట్లో ముఖపరిచయం లేకుండానే ఇంటిపేరు అడిగి బావా, మామా అని కలుపుకునే వరస. 'వరస పాయింట్లు' అంటే తోటివాళ్లు నవ్వుతారని అతను గునిశాడు. నవ్వనీ అన్నాను.