స్థలసంకేతములు – భాషాసమాజములు

దేశములకును, వాని అంతర్భాగములకును క్లుప్తసంకేతములు నిర్ణయించుట నేటి పరిపాలనకును, వాణిజ్యమునకును ఆవశ్యకమైన కార్యము. అంతర్జాతీయ ప్రమాణసంస్థ దేశసంకేతములను 1974లోను, రాష్ట్రాది విభాగముల సంకేతములను 1998లోను ప్రకటించినది. ఈ పద్ధతిలో భారతదేశము ‘ఐఎన్’, సంఖ్యారూపమున 356. మహారాష్ట్రము ‘ఐఎన్-ఎంహెచ్’. ఇట్టి సంకేతములు దేనిని చెప్పగలవు, దేనిని చెప్పజాలవు అను విషయమును షోలాపురపు నేతపేటల దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

అక్షరసంకేతము పేరునుండి పుట్టును. కావున పేరునకు గల చిక్కులన్నియు దానికిని సంక్రమించును. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడినపుడు ప్రమాణసంస్థ దానికి ‘టీజీ’ అను సంకేతము నొసగినది. రాష్ట్రమున వాహనములకు మాత్రము ‘టీఎస్’ నిర్ణయమైనది. 2023 నవంబరులో సంస్థ తన సంకేతమును ‘టీఎస్’గా మార్చినది. నాలుగు మాసములకే, 2024 మార్చిలో, రాష్ట్రము వాహనములకు ‘టీజీ’ని స్వీకరించినది. ఒకరికై ఒకరు బయలుదేరి వేర్వేరు త్రోవలం బోయినవారివలె, రెండు పక్షములును మారియు కలిసికొనలేకపోయినవి.

సంఖ్యల కీ చిక్కు తక్కువ. ఇచటినుండి హైదరాబాదునకు చద్దర్ల మూట పోవునపుడు బిల్లుపై అమ్మువాని జీఎస్టీ సంఖ్య 27తోను, కొనువానిది 36తోను మొదలగును. మొదటిది మహారాష్ట్రము, రెండవది తెలంగాణము. అక్షరములు మారినను 36 మారలేదు. ఆంధ్రప్రదేశమునకు మాత్రము విభజనానంతరము 28కి బదులు 37 వచ్చినది; ఏలయన అచట మారినది పేరు కాదు, భూభాగము. సంకేతము గుర్తింపవలసినది భూభాగమునే యని దీనివలన స్పష్టము.

అయితే భూభాగమును గుర్తించుట వేరు, అందలి జనుల భాషను గుర్తించుట వేరు. షోలాపురమున 1877లో నూలుమిల్లు వెలసినది. తెలంగాణ ప్రాంతమునుండి వలసవచ్చిన పద్మశాలి కుటుంబములు ఈ పట్టణమున మగ్గములపైనను, మిల్లులలోను జీవిక నేర్పరచుకొనినవి. నేడీ పేటల వాహనములపై ‘ఎంహెచ్ 13’ కానవచ్చును. ఇండ్లలో తెలుగు వినవచ్చును. ఇందు వైరుధ్యమేమియు లేదు. భాషలకు వేరొక ప్రమాణము కలదు. అందు తెలుగు ‘టీఈ’, మరాఠీ ‘ఎంఆర్’. స్థలమును, భాషను వేర్వేరు పట్టికల నుంచిన విజ్ఞత ప్రశంసనీయము. దోషము పట్టికలలో లేదు. ఒకదానిని జూచి రెండవదాని నూహించు మన అలవాటులో నున్నది. 1956లో రాష్ట్రములు భాషాప్రాతిపదికపై పునర్వ్యవస్థీకృతములైన పిమ్మట ఈ యూహ మరింత సులభమైనది.

పాఠశాలల విషయమున దీని ఫలితము తీవ్రము. ప్రతి పాఠశాలకును పదునొకండంకెల యూడైస్ సంఖ్య యుండును. మొదటి రెండంకెలు రాష్ట్రమును దెలుపును; మా బడుల కది 27. బోధనామాధ్యమ మా యంకెలలో లేదు. దానిని వేరుగ నమోదు చేయవలెను. ఆ గడి ఖాళీగ నున్నను, 27ను జూచి మరాఠీ యని యెవరైన నింపినను, తెలుగు పాఠ్యపుస్తకముల లెక్కనుండియు, తెలుగు ఉపాధ్యాయుల యవసరపు లెక్కనుండియు ఆ బడి జారిపోవు ప్రమాదము కలదు. అంకెలన్నియు నిర్దుష్టముగ నుండియే పిల్లల భాష అదృశ్యమగును.

కావున స్థలసంకేతమును స్థలమునకే వినియోగించి, భాషను ప్రత్యేకముగ అడిగి వ్రాసికొనుట న్యాయము. ఆ ప్రశ్న నడుగుట అధికారుల విధి. సరియైన సమాధానము వ్రాయించుట తల్లిదండ్రులకును, ఉపాధ్యాయులకును చెందిన విధి.