జాషువ కావ్యాల్లో ఋణభావన: ‘ఫిరదౌసి’, ‘గబ్బిలం’ – పరిశీలన

1. ప్రవేశిక

గుఱ్ఱం జాషువ (1895–1971) కావ్యాలను సామాజిక వివక్షపై వెలువడిన కరుణార్ద్రమైన నిరసనగా చదవడం తెలుగు విమర్శలో పరిపాటి. ఈ పఠనంలో సత్యం లేకపోలేదు. అయితే కరుణ అన్న మాట పాఠకుణ్ణి తెలియకుండానే దాత స్థానంలో నిలబెడుతుంది. బాధితుడు చేయి చాచినవాడుగా, పాఠకుడు జాలిపడినవాడుగా మిగిలిపోతారు. జాషువ కావ్యనిర్మాణం ఈ అమరికను అంగీకరించదు. ‘ఫిరదౌసి’ (1932), ‘గబ్బిలం’ (1941) కావ్యాలను పక్కపక్కన ఉంచి చదివితే రెండింటి కేంద్రంలోనూ కనిపించేది తీరని ఋణం. ఒకటి పారశీక కవి గాథ, మరొకటి దక్షిణదేశపు అరుంధతీయుని విన్నపం. దేశాలు, మతాలు, కాలాలు వేరైనా ఆ రెంటినీ కలిపే సూత్రంగా ఋణభావనను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ‘ఫిరదౌసి’: మాట తప్పిన రాజు

ఫిరదౌసి ‘షానామా’ రచనను గురించి ప్రచారంలో ఉన్న గాథనే జాషువ వస్తువుగా స్వీకరించాడు. పద్యానికొక బంగారు నాణెం ఇస్తానన్న గజనీ మహమ్మదు, దశాబ్దాల శ్రమ ఫలించిన తరువాత వెండి నాణేలు పంపుతాడు. పశ్చాత్తాపంతో పసిడి పంపేసరికి కవి కన్నుమూస్తాడు. కవి కుమార్తె ఆ ధనాన్ని తిరస్కరిస్తుంది.

ఇక్కడ రెండు విషయాలు గమనించదగినవి. తెలుగు పాఠకుల స్మృతిలో గజనీ మహమ్మదు ప్రధానంగా దండయాత్రలకు, దేవాలయ విధ్వంసానికి ప్రతీక. జాషువ కావ్యంలో అతని అసలు నేరం మాట తప్పడం. అన్యాయం చేసినవాడు, అన్యాయానికి గురైనవాడు ఒకే మతానికి చెందినవారు. అందువల్ల దోషాన్ని పరమతం మీదికి నెట్టి నిశ్చింతగా ఉండే వెసులుబాటు పాఠకునికి దొరకదు. పరాయి దేశపు ముస్లిం కవి తెలుగు పద్యంలో ఆత్మీయుడయ్యాడు. ప్రతిభను గుర్తించని అధికారం ఏ మతానిదైనా ఒకటే అన్న ఎరుక ఈ ఆత్మీయతకు ఆధారం. రెండవది, కుమార్తె తిరస్కారం. సకాలంలో తీరని ఋణం తరువాత దానంగా మారలేదని ఆ తిరస్కారం చెబుతుంది.

3. ‘గబ్బిలం’: శాపం లేని శిక్ష

‘గబ్బిలం’ కాళిదాసు ‘మేఘసందేశం’ మార్గంలో నడిచిన దూతకావ్యం. అనుసరణ కంటే వ్యత్యాసంలోనే ఈ కావ్యం అర్థం దాగి ఉంది. యక్షుడు తన విధిలో ఏమరుపాటు చూపి కుబేరుని శాపానికి గురయ్యాడు. అతని శిక్షకు కారణమూ ఉంది, ఏడాది గడువూ ఉంది. అరుంధతీసుతుడు చేసిన తప్పు ఏదీ లేదు. అతని శిక్షకు గడువూ లేదు, అది పుట్టుకతోనే మొదలవుతుంది. సంస్కృత కావ్యం పరిచయమున్న పాఠకునికి ఈ తేడా వ్యాఖ్యానం అవసరం లేకుండానే తగులుతుంది. అగ్రవర్ణ పాఠకుడు తనదిగా భావించుకున్న ప్రక్రియలోకి కవి హక్కుదారుగా ప్రవేశించి, ఆ ప్రక్రియతోనే అతణ్ణి ప్రశ్నించాడు.

దూత ఎంపిక కూడా ఇటువంటిదే. గబ్బిలం ఇంట్లోకి వస్తే అశుభమని లోకం తరుముతుంది. అయినా ఆలయంలో దాని రాకపోకలకు అడ్డు లేదు. మనిషికి దక్కని దైవసాన్నిధ్యం ఆ ప్రాణికి దక్కుతుంది. పూజారి లేని వేళ చూసి శివుని చెవిలో తన గోడు చెప్పమని నాయకుడు కోరడంలో దైన్యం కంటే వ్యంగ్యం బలమైనది. అడ్డు దేవుడు కాదు, మధ్యవర్తి అని ఆ కోరిక స్పష్టం చేస్తుంది.

మద్రాసు రాష్ట్రంలో ఆలయప్రవేశానికి సంబంధించిన చట్టం 1939లో వచ్చింది. మరి రెండేళ్లకు ‘గబ్బిలం’ వెలువడింది. చట్టం ద్వారాన్ని తెరవగలదు గాని, ద్వారం మూసి ఉంచిన మనసును తెరవలేదన్న వాస్తవం ఈ కావ్యానికి నేపథ్యం.

4. ఋణభావన: బలం, పరిమితి

పొలంలో చెమటోడ్చి పంట పండించినవానికే తిండి లేదని, దేశం పాదాలు కందకుండా చెప్పులు కుట్టినవాని సేవకు ఆ దేశమే అప్పుపడిందని జాషువ నిరూపిస్తాడు. ఈ ఒక్క భావనతో సంబంధం తలకిందులవుతుంది. అంతవరకు అనుగ్రహించే స్థానంలో ఉన్న సమాజం బాకీదారు అవుతుంది. విన్నపంగా మొదలైన కావ్యం అభియోగపత్రంగా మారుతుంది. శివునికి మొర పెట్టుకోవడాన్ని లొంగుబాటుగా చూసే అభ్యంతరానికి సమాధానం ఇక్కడే లభిస్తుంది. అది వరం కోసం చేసిన ప్రార్థన కాదు, సాక్షి ముందు పెట్టిన లెక్క.

అయితే ఈ భావనకు ఒక పరిమితి ఉంది. మనిషి గౌరవాన్ని అతని సేవతో ముడిపెట్టినప్పుడు, సేవ చేయలేనివాని మాటేమిటన్న ప్రశ్న మిగులుతుంది. రైతుకూలీ అన్నం పెడతాడు గనుక, చర్మకారుడు చెప్పులు కుడతాడు గనుక గౌరవించాలనడం ప్రయోజనాన్ని ప్రమాణం చేయడమే. కులవృత్తిని విడిచిన తరాలకు ఈ వాదం పూర్తిగా సరిపోదు. 1985 నాటి కారంచేడు ఘటన తరువాత బలపడిన దళిత కవిత్వం సేవకు ప్రతిఫలం కంటే ఆత్మగౌరవాన్ని ముందు నిలపడాన్ని ఈ ఖాళీకి ప్రతిస్పందనగా చదవవచ్చు. ఇది జాషువను తోసిపుచ్చడం కాదు, ఆయన వేసిన లెక్కను మరో మెట్టుకు తీసుకుపోవడం.

5. ముగింపు

భిన్న సంస్కృతుల పట్ల సహనం చూపాలన్న బోధ వివక్షను తొలగించడానికి చాలదు. సహించేవాడు ఎప్పుడూ పై మెట్టు మీదనే ఉంటాడు. జాషువ కావ్యాలు ఆ మెట్టునే ప్రశ్నిస్తాయి. ఫిరదౌసి కుమార్తె కాదన్న పసిడి, అరుంధతీసుతుడు శివునికి అప్పగించిన లెక్క ఒకే సత్యాన్ని సూచిస్తాయి. ఈ కావ్యాలను తరగతి గదిలో కరుణరసానికి ఉదాహరణలుగా మాత్రమే బోధిస్తే విద్యార్థి కంటతడి పెట్టి ఊరుకుంటాడు. ఋణపత్రాలుగా బోధిస్తే తన పద్దు తాను చూసుకుంటాడు. జాషువ పఠనంలో మార్పు రావలసినది ఇక్కడే.