పై దవడలో ఎముక కట్టే చేతులు

రాయవేలూరు అనగానే గుడియాత్తం, చిత్తూరు వైపు తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది సీఎంసీ ఆసుపత్రి. 1900లో ఐడా స్కడర్ చిన్నగా మొదలుపెట్టిన వైద్యం అది. కుష్ఠు వల్ల వంకరపోయిన చేతులను పాల్ బ్రాండ్ 1940ల చివర్లో అక్కడే శస్త్రచికిత్సతో మళ్లీ పనిలోకి తెచ్చారు. పోయిందనుకున్నదాన్ని నిలబెట్టే ఆ విద్యకు దగ్గరి చుట్టం సైనస్ లిఫ్ట్ అనే దంత శస్త్రచికిత్స. దీన్ని 1970లలో అమెరికాలో దంతవైద్యుడు హిల్ట్ టాటమ్ చేసి చూపారు.

పై దవడలో వెనకపళ్లు ఊడితే అక్కడి ఎముక అరుగుతుంది. దానిపైనున్న గాలిగది, అంటే సైనస్, కిందికి పెరుగుతుంది. కట్టుడు పంటిని నిలబెట్టే ఇంప్లాంట్ మరకు ఇక పట్టు దొరకదు. అప్పుడు డాక్టరు చిగుళ్లను తప్పించి, ఎముకలో చిన్న కిటికీ తెరిచి, గాలిగది పొరను మెల్లగా పైకి లేపుతారు. ఆ పొర చాలామందిలో మిల్లీమీటరు మందం కూడా ఉండదు! అది చిరగకూడదు. అందుకే నేర్చుకునేవాళ్లు కోడిగుడ్డు పెంకు తొలిచి, లోపలి పొర చెక్కుచెదరకుండా సాధన చేస్తారు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ చేతి నిదానం. లేపిన ఖాళీలో ఎముక పొడి నింపి కుట్టేస్తారు. అది గట్టిపడడానికి సాధారణంగా 4 నుంచి 9 నెలలు పడుతుంది.

ఈ చికిత్సకు వెళ్లేవాళ్లు బీడీ, సిగరెట్ ముందే మానేయండి. పొగ ఎముకను సరిగా కట్టుకోనివ్వదు. చికిత్స అయ్యాక డాక్టరు చెప్పేదాకా ముక్కు గట్టిగా చీదకండి.