కంచు గుర్రాల దేశం నుంచి ముచ్చింతల్‌కు

శంషాబాద్ విమానాశ్రయానికి చేరువలోని ముచ్చింతల్‌లో 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కృతమైన రామానుజాచార్యుల పంచలోహ విగ్రహం పీఠంతో కలిపి 216 అడుగుల ఎత్తు ఉంటుంది. చైనాలోని నాన్‌జింగ్ నగరానికి చెందిన ఏరోసన్ సంస్థ దానిని దాదాపు 1,600 భాగాలుగా తయారుచేయగా, వాటిని ఇక్కడికి తెచ్చి జోడించి నిలిపారు. అంతటి విగ్రహాన్ని ఒకే పోతగా పోయడం ఎలాగూ సాధ్యం కాదు. అయితే విడివిడిగా చేసిన భాగాలను ఏకరూపంగా కూర్చే నేర్పు చైనా కంచు శిల్పులకు అతి ప్రాచీన కాలం నుంచీ ఉన్నదే.

రాగికి తగరం కలిపితే వచ్చే కంచును పోయడానికి షాంగ్ రాజుల కాలంలోనే అక్కడ ఖండమూస పద్ధతి వాడుకలో ఉండేది: మట్టితో నమూనా చేసి, దానిపై మరో పొర మట్టిని అదిమి, ఆ పొరను ముక్కలుగా కోసి తీసి, కాల్చి, లోపల మట్టి గర్భం ఉంచి మళ్లీ చుట్టూ అమర్చి, మధ్య మిగిలిన సందులో కరిగిన లోహం పోసేవారు. కూర్పు నేర్పు పరాకాష్ఠ షిహువాంగ్ చక్రవర్తి సమాధి చెంత 1980లో బయటపడిన కంచు రథాల్లో కనిపిస్తుంది. అసలు పరిమాణంలో సగమే ఉన్న ఒక్కొక్క రథంలో, దాని నాలుగు గుర్రాలతో, పగ్గాలతో, బంగారు వెండి సామగ్రితో కలిపి 3,000కు పైగా భాగాలున్నాయి.

రథాలకు కట్టిన గుర్రాలే కాదు, విడిగా పోసిన గుర్రమూ ఆ నేర్పును చూపుతుంది; దాని వెనుక గుర్రాల మీద పాలకులకున్న మక్కువ ఉంది. హాన్ చక్రవర్తి వూ, సంచార షియోంగ్ను సేనలను ఎదుర్కోవడానికి మేలుజాతి గుర్రాలు కావాలని, క్రీ.పూ. 104–101 మధ్య ఫర్గానా మీదికి దండయాత్రలు పంపాడు. అక్కడి అశ్వాలను చైనీయులు దివ్యాశ్వాలన్నారు. ఆ గౌరవమంతా 1969లో గాన్సు రాష్ట్రంలోని వువెయ్ వద్ద ఒక సమాధిలో దొరికిన కంచు గుర్రంలో మూర్తీభవించింది. ఎత్తు 34.5 సెంటీమీటర్లే అయినా, మూడు కాళ్లు గాలిలో ఉండగా నాలుగో డెక్కను ఎగిరే పక్షి వీపున ఆనించి, శరీర భారమంతా ఆ ఒక్క బిందువు మీదే నిలిచేలా దానిని మలిచిన శిల్పి తూనిక జ్ఞానం నిజంగా అబ్బురం. కంచు చరిత్రలో దీనికి సాటి వచ్చే అశ్వాలు బహు కొద్ది.

తెలుగు నేల దారి వేరు. ఆదిలాబాద్ ప్రాంతపు ఓజా లోహశిల్పులు మట్టి గర్భంపై మైనపు తీగలు చుట్టి, పైన మట్టి మెత్తి కాల్చితే, మైనం కరిగి పోయిన ఖాళీలోకి ఇత్తడి ప్రవహించి బొమ్మ అవుతుంది. శాస్త్రగ్రంథాలు మధూచ్ఛిష్ట విధానమన్నది ఈ మైనపు పద్ధతినే. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ డోక్రా కళలో మూసను పగలగొడితేనే బొమ్మ బయటికి వస్తుంది కనుక, ప్రతి గుర్రానికీ మూస కొత్తగా కట్టవలసిందే.

రామానుజుల రూపం మన భక్తి సంప్రదాయానిది, దానికి లోహకాయం ఇచ్చిన పని చైనా కార్మికులది. కాబట్టి ముచ్చింతల్ విగ్రహాన్ని ఆరాధ్య మూర్తిగానే కాక, పోత విద్య చరిత్రలో ఒక ఘట్టంగా కూడా చూడాలి.