బియ్యం బస్తా జోకు మతం మీదా, కులం మీదా?

దేవుళ్ళ మీద, మతాల మీద జోకులెయ్యొచ్చా, వేస్తే ఎంతవరకు వెయ్యొచ్చు అన్న చర్చ వచ్చినప్పుడల్లా మన మేధావుల దగ్గర రెండే మాటలుంటాయి. ఒకరు 'మనోభావాలు' అంటారు. ఇంకొకరు 'భావప్రకటనా స్వేచ్ఛ' అంటారు. ఈ రెండింటి మధ్య దళితవాడ ఎక్కడుందని మాత్రం ఎవరూ అడగరు. మేం అదే అడగదల్చుకున్నాం. అందుకు ఒక్క జోకునే తీసుకుంటున్నాం. క్రైస్తవం తీసుకున్న మాలమాదిగల్ని 'బియ్యం బస్తాకి అమ్ముడుపోయినోళ్ళు' అనడం తెలుగునాట పాత జోకే. ఇప్పుడది 'రైస్ బ్యాగ్' అయ్యింది. సెల్‌ఫోన్లలో బొమ్మలుగా తిరుగుతోంది, హాస్టల్ గదుల్లో పిలుపుగా వినబడుతోంది. అన్నవాణ్ణి నిలదీస్తే "మతం మీద జోకు గదా, నువ్వు అంబేద్కరిస్టువి గదా, నీకెందుకు మంట?" అంటాడు.

సరే, ఆ జోకులో మతం ఎంతుందో చూద్దాం. కన్య కనడం లేదు, మూడోనాడు లేవడం లేదు, నీళ్ళు ద్రాక్షరసం కావడం లేదు. వీటిలో దేన్ని తీసుకుని నవ్వినా అది మతం మీద నవ్వే, ఎవరైనా నవ్వుకోవచ్చు. బియ్యం బస్తా జోకు నవ్వేది ఆకలిని చూసి. అదీ అందరి ఆకలిని చూసి గాదు. తెలుగు జిల్లాల్లో క్రైస్తవులైన రెడ్లున్నారు, కమ్మలున్నారు. వాళ్ళని పట్టుకుని మీ తాతకి ఎన్ని బస్తాలు ముట్టాయని అడిగినవాణ్ణి మేం చూడలేదు. యేసు ఒక్కడే, బైబిలు ఒక్కటే, బస్తా మాత్రం వాడకే వస్తుంది.

ఇక చరిత్ర. ఒంగోలు ప్రాంతపు మాదిగల్లో క్రైస్తవాన్ని ముందుగా నడిపించింది తోళ్ళ వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య. ఆయన బాప్తిస్మం తీసుకున్నది 1866లో. పెద్ద కరువు వచ్చింది 1876-78లో. అంటే కరువుకు పదేళ్ళ ముందే, చేతిలో తన వ్యాపారం ఉన్న మనిషి, తన కాళ్ళ మీద ఊళ్ళు తిరిగి తనవాళ్ళకు చెప్పుకున్నాడు. ఆయనకెవరు బస్తా ఇచ్చారు? కరువులో జరిగింది ఇంకా విచిత్రం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని పెట్టించాడు. గింజల కోసం మతం మారారన్న మాట వస్తుందేమోనని, ఆ కరువు పనులు నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగిపోయాక, ఇక ఇచ్చేదేం లేదని చెప్పినా జనం కదల్లేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కాలువ తవ్వి కూలి తీసుకున్నవాళ్ళని దానం తిన్నవాళ్ళుగా చెప్పుకోవడం ఈ దేశంలోనే సాధ్యం. మిషనరీల్ని మేం నెత్తినెత్తుకోవడం లేదు. వాళ్ళ పెత్తనం గురించి, చర్చిలో మాల బెంచీ మాదిగ బెంచీ గురించి రాయాల్సింది చాలా ఉంది. కానీ బస్తా లెక్క మాత్రం తప్పుడు లెక్క.

మరి ఆ లెక్క ఎవరికి అవసరమైంది? క్రైస్తవులైన మాదిగలు ఆదివారం పనికి రామన్నారు. చచ్చిన గొడ్డు మోయమన్నారు, అమ్మవారి కొలుపుల్లో డప్పు కొట్టమన్నారు. ఊరి పెద్దలు పనులు ఆపేశారు, బావుల దగ్గరికి రానివ్వలేదు. పేరయ్య మనసు మారిందంటే అతనికీ ఒక మనసుందని ఒప్పుకోవాలి. వెట్టి పోయిన దొర ఆ మాట ఎట్లా ఒప్పుకుంటాడు? ఎవడో కొన్నాడంటేనే అతనికి అర్థమవుతుంది, ఎందుకంటే మనుషుల్ని గింజలకు కట్టుకోవడం తనకు తెలిసిన పద్ధతే. కాబట్టి బియ్యం బస్తా జోకు పుట్టింది యేసుని చూసి గాదు, వాడలో ఆగిపోయిన డప్పుని చూసి అని మేం అనుకుంటున్నాం.

ఇంకో పక్క చట్టం చూడండి. మతాన్ని అవమానించడం నేరమన్న 295-ఎ సెక్షన్ 1927లో వచ్చింది. లాహోరులో ముస్లిం ప్రవక్త మీద వచ్చిన ఒక ఎగతాళి పుస్తకం ప్రచురణకర్తను హైకోర్టు వదిలేస్తే, ఆ గొడవలోంచి పుట్టిన సెక్షనది. 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 299గా ఉంది. అది మతానికి కాపలా. కులం పేరుతో తిడితే 1989 అట్రాసిటీ చట్టం ఉంది. మతం ముసుగులో కులాన్ని తిడితే? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులం వాడు గాదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తీశారు, క్రైస్తవులకూ ముస్లింలకూ తియ్యలేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, కులం పేరుతో తిట్టి కొట్టారని ఒక పాస్టర్ పెట్టిన కేసు కొట్టేస్తూ, క్రైస్తవుడైనవాడికి అట్రాసిటీ చట్టం రక్షణ లేదంది. బస్తా పుచ్చుకున్నాడని నవ్వే మనిషి అసలు లెక్క చూడాలి. మారినవాడికి వచ్చింది బస్తా గాదు. రిజర్వేషన్ పోయింది, తిట్టు మాత్రం మిగిలింది. కారంచేడులో (1985), చుండూరులో (1991) దాడికొచ్చినవాళ్ళు నువ్వు గుడికి పోతావా, చర్చికి పోతావా అని అడిగి నరకలేదు గదా.

అట్లాగని ఈ జోకు మీద 299 పెట్టమని పోలీసు స్టేషన్‌కి పోదామా? వద్దంటున్నాం. ఆ సెక్షన్ ఎవరి మెడకు చుట్టుకుంటుందో చూశాం. పెరియార్ రామాయణ విమర్శను హిందీలో వేసిన లలయీ సింగ్ యాదవ్ పుస్తకాన్ని 1969లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం జప్తు చేసింది. 1971లో హైకోర్టు ఆ జప్తును కొట్టేసినా, 1976లో సుప్రీంకోర్టు ప్రభుత్వ అప్పీలు తోసేసేదాకా కొట్లాట నడిచింది. 2018 జూలైలో టీవీ చర్చలో రాముడి మీద మాట్లాడినందుకు సినీ విమర్శకుడు కత్తి మహేష్‌ని ఆరు నెలలు హైదరాబాద్ నుంచి వెలివేశారు. (కొద్దిరోజులకే పరిపూర్ణానందనూ పంపించి తూకం సరిపోయిందన్నారు. ఊరి నుంచి వెళ్ళగొట్టడం ఇద్దరికీ ఒకటేనా? ఒకరి తాతముత్తాతలకు అది అలవాటైన శిక్ష.) మనోభావాల తక్కెడలో మన నవ్వు ఎప్పుడూ బరువు నేరమే.

మన నవ్వంటే ఇవాళ్టిది గాదు. చిందువాళ్ళ జాంబపురాణంలో ఆది జాంబవుడు బ్రాహ్మడితో వాదానికి దిగుతాడు, నీ సృష్టికంటే ముందే నేనున్నానంటాడు, జనం విరగబడి నవ్వుతారు. గుడిలోకి గబ్బిలం పోవచ్చు, మనిషి పోకూడదన్న సంగతిని జాషువా 1941లో కావ్యం చేశాడు. అదీ మతం మీద ఎత్తిపొడుపే, కన్నీళ్ళున్నాయని ఎత్తిపొడుపు గాకుండా పోదు. ఇవన్నీ పెత్తనాన్ని అడిగిన ప్రశ్నలు. వీటికి గీత గీసేవాళ్ళతో మాకు పొత్తు లేదు.

చిక్కు వచ్చేది ఇంకోచోట. 2022 డిసెంబరులో బైరి నరేష్‌ని అయ్యప్ప పుట్టుక మీద మాట్లాడినందుకు అరెస్టు చేశారు. పురాణం చెప్పే పుట్టుకను ప్రశ్నించే హక్కు ఆయనకుంది, జైలు తప్పు. కానీ ఇవాళ నల్లబట్టలు కట్టి మాల వేస్తున్నవాళ్ళలో ఆటోడ్రైవర్లు, మేస్త్రీలు, మన బీసీలు, మన వాడ పిల్లలు ఎంతమంది లేరు? నలభై ఒక్క రోజులు తాగకుండా, 'స్వామీ' అని పిలిపించుకునే ఆ కాస్త మర్యాద కోసం మాల వేసేవాడున్నాడు. హరిహరుల కథ మీద నవ్వు వేరు, ఈ పిల్లవాడి మీద నవ్వు వేరు. మన సభల్లో మైకు పట్టుకున్నాక ఈ తేడా చాలాసార్లు జారిపోతోంది. పూనకమొచ్చిన పోశమ్మ భక్తురాల్ని అనుకరించి చప్పట్లు కొట్టించుకునే కళాకారులు మన వేదికల మీద గూడా ఉన్నారు. బియ్యం బస్తా జోకుని తప్పు పట్టి దీన్ని వదిలెయ్యడం మాకు చేతగావడం లేదు.

పాస్టర్ల మీద జోకులు మానమని గూడా మేం అనడం లేదు. దశమభాగం గురించి, స్వస్థత కూటాల గురించి, పాస్టర్ గారి కొత్త కారు గురించి వాడలో ఆదివారం సాయంత్రం అరుగుల మీద పుట్టే జోకులు వేరే జాతివి. పదోవంతు ఇచ్చినవాళ్ళే నవ్వుతారు, ఎవరిమీద నవ్వుతున్నారో వాళ్ళకి తెలుసు. వీటిని ఎవరూ రాసిపెట్టినట్టు లేదు. విద్యార్థి మిత్రులు ఊళ్ళకు పోయినప్పుడు సేకరించి, ఏ ఊరిదో, ఎవరు ఎవరి ముందు చెప్పారో రాసి పంపితే ఈ పత్రికలో వేసుకుందాం.