మానడం వచ్చు, మళ్లీ మొదలెట్టడమే రాదు

మా హిందూపురంలో కీళ్లనొప్పి అని ఎవరితోనైనా అని చూడండి. ఏ డాక్టరుకు చూపించుకుంటున్నారని అడిగేలోపే మానాల్సినవాటి చిట్టా చదివేస్తారు. వంకాయ మానాల. గోంగూర మానాల. పులుపు అసలుకే తగలకూడదు. ఉర్లగడ్డ, శనగపప్పు వాతం చేస్తాయి. ఒంటిమీద మచ్చలు, దురద కూడా ఉన్నాయంటే చిట్టా అక్కడికక్కడే రెట్టింపవుతుంది: గుడ్డు, చేప, చెనక్కాయలు, ఇంకోసారి వంకాయ. ఆటో నడిపే అతను చెబుతాడు, మందుల షాపులో బిల్లు రాసే అమ్మాయి చెబుతుంది, పెళ్లి భోజనంలో పక్కన కూర్చున్న పెద్దాయన మన ఆకులోని వంకాయముక్కకేసి వేలు చూపించి మరీ చెబుతాడు.

ఎన్నాళ్లు మానాలి? మానినందువల్లే తగ్గిందని ఎట్లా తెలుస్తుంది? మళ్లీ ఎప్పుడు తినొచ్చు? ఈ మూడింటికి మాత్రం ఎవరి దగ్గరా జవాబుండదు. "మానితే నీ సొమ్మేం పోయింది?" అని మనల్నే ఎదురడుగుతారు.

మానడంలో మనవాళ్లను మించినవాళ్లు లేరు. శనివారం ఒకపూట మానుతాం. కార్తీకంలో మాంసం మానుతాం. కాశీకి పోయి ఇష్టమైన కాయో పండో వదిలేసి వస్తాం. బాలింతకు సగం వంటిల్లు బందు చేస్తాం. మానినదాన్ని లెక్కప్రకారం మళ్లీ కంచంలోకి తెచ్చుకునే విద్యే మన దగ్గర పెరగలేదు. కీళ్లవాతానికో చర్మానికో పథ్యం పట్టేవాడికి అసలు కావలసింది ఆ విద్యేనని నా నమ్మకం.

నాకున్నది సోరియాసిస్, దాని వెనకాలే వచ్చిన కీళ్లవాపు. సోరియాసిస్ ఉన్నవాళ్లలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి కీళ్లు కూడా పట్టుకుంటాయి. మోచేతుల మీద ఎర్రటి మచ్చ, దానిపైన తెల్లటి పొలుసు. గోళ్లమీద గుండుసూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు. ఉన్నట్టుండి కాలివేలొకటి మొదలు నుంచి కొసదాకా ఉబ్బి చెప్పులో పట్టదు. సూక్ష్మజీవుల మీదికి పోవాల్సిన రోగనిరోధక శక్తి దారితప్పి సొంత చర్మంమీద, కీళ్లమీద పడడంతో వచ్చే జబ్బిది. అంటుకునేది కాదు. (టీ కొట్టులో గ్లాసు విడిగా పెట్టే మహానుభావులు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.) ఊళ్లో కీళ్లవాతం అనే రుమటాయిడ్ ఆర్థరైటిస్ వేరే జబ్బే గానీ, దీనికి దగ్గరి చుట్టం.

తిండి మాని చూసే పద్ధతికి ఒక క్రమం తెచ్చినవాడు ఆల్బర్ట్ రో అనే అలర్జీ డాక్టరు, 1920లలో, కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో. అనుమానం లేని కొద్దిపాటి పదార్థాలతోనే రోగిని కొన్నివారాలు ఉంచేవాడు. ఒళ్లు నెమ్మదించాక ఒక్కొక్కటే తిరిగి పెట్టి, గొడవ చేసేదేదో పట్టుకునేవాడు. ఉబ్బసం, దద్దుర్లు లాంటి వాటికోసం పుట్టిన ఈ పద్ధతిని కీళ్లకు తర్వాత తగిలించారు. మన దాకా వచ్చేసరికి అందులో మొదటి సగమే మిగిలింది.

ఇప్పుడు ఫోన్లలో తిరుగుతున్న 'ఆటోఇమ్యూన్ ప్రోటోకాల్' సంగతి చూడండి. ధాన్యాలు కూడదు, పప్పులు కూడదు, పాలు, గుడ్లు, గింజలు కూడదు, వంకాయ, టమాటా, మిరప, ఉర్లగడ్డ కూడదు. ఈ చిట్టాను మా వంటింట్లోకి తెస్తే ముందు రాగిముద్ద పోయింది. కొర్రన్నం, జొన్నరొట్టె పోయాయి. చెనక్కాయలతోపాటే ఊరిబిండి పోయింది, తాలింపులోకి నూనె పోయింది. అలసందలు, ఉలవలు పోయాయి. ఉగ్గానిలోకి బొరుగులు లేవు, పక్కన బజ్జీలోకి మిరపకాయ లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే మంచి వాన అనుకునే నేల ఇది. ఇక్కడ పండేవన్నీ ఆ చిట్టాలో నిందితులే. అవకాడో తినమంటారు. బెంగళూరు వంద కిలోమీటర్లే కాబట్టి దొరకదని కాదు, కొనేదెవరు?

ఆ చిట్టాలో మనకు సులువైంది గ్లూటెన్ ఒక్కటే. అది గోధుమలో, బార్లీలో ఉండే మాంసకృత్తు. రాగిలో, కొర్రలో, జొన్నలో, బియ్యంలో లేదు. నగరాల్లో పొట్లం మీద అచ్చేసి రెండింతలు రేటుకు అమ్మేదాన్ని మా అవ్వ తెడ్డుతో గెలికి ముద్దచేసి పెట్టేది. మాకు దూరమయ్యేది బేకరీ సరుకే: దిల్‌పసంద్, ఖారా బన్. అయినా సోరియాసిస్ ఉన్న ప్రతివాళ్లూ గోధుమ మానాల్సిన పనిలేదు. అమెరికాలోని నేషనల్ సోరియాసిస్ ఫౌండేషన్ వైద్యమండలి 2018లో ఇచ్చిన సూచనల ప్రకారం, గ్లూటెన్ పడదని రక్తపరీక్షలో ఆనవాలు దొరికినవాళ్లకే ఆ పథ్యం. అన్నిటికంటే గట్టిగా వాళ్లు చెప్పింది వేరే ఉంది: ఒళ్లు ఎక్కువున్నవాళ్లు తిండి తగ్గించి బరువు దిగాలని. ఈ మాట పెళ్లి పంక్తిలో ఎవరూ చెప్పరు. వంకాయ మీద నెపం పెట్టడమే హాయి.

వంకాయకు తోడుగా టమాటాను, మిరపను, ఉర్లగడ్డను కలిపి దోషుల కుటుంబంగా నిలబెట్టినవాడు నార్మన్ చైల్డర్స్. ఉద్యానశాస్త్ర ప్రొఫెసరు, వైద్యుడు కాదు. 1977లో దానిమీద పుస్తకమే వేశాడు. మానినవాళ్లు చెప్పిన అనుభవాలే ఆధారం. పెనుకొండ కోట కిందుగా బస్సు పోతున్నప్పుడల్లా నాకీ కుటుంబమే గుర్తొస్తుంది. 1565లో తళ్లికోట దగ్గర ఓడి, విజయనగర రాజులు ఈ కొండకింద రాజధాని పెట్టుకునే నాటికి ఇక్కడి వంటల్లో టమాటా లేదు, ఉర్లగడ్డ లేదు. మిరప పోర్చుగీసువాళ్ల ఓడల్లో పడమటి తీరానికి చేరి ఎంతోకాలం కాలేదు. ఆ నలుగురిలో అప్పటికే మనదైనది వంకాయ ఒక్కటే. వెనకొచ్చినవాటిలో టమాటా, మిరప తప్పించుకున్నాయి, పాతకాపు దొరికిపోయింది.

పరిశోధనలు ఏమంటాయి? 1983లో అమెరికాలో రిచర్డ్ పానుష్ బృందం 26 మంది కీళ్లవాతం రోగులను తీసుకుంది. కొందరికి అప్పట్లో పేరుమోసిన ఒక కీళ్ల పథ్యం, మిగతావాళ్లకు పథ్యంలా కనిపించే ఉత్తుత్తి పథ్యం, 10 వారాలు. రెండు గుంపుల మధ్యా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కథ అక్కడితో అయిపోలేదు. అదే పానుష్ 1986లో ఒకే ఒక్క మహిళ గురించి రాశాడు. ఏమి పెడుతున్నారో ఆమెకు తెలియకుండా పెట్టి చూసినా పాలకు కీళ్లు వాచాయి. గుంపుకు పనిచేయని పథ్యం ఒక మనిషికి పనిచేయొచ్చన్నమాట. ఆ మనిషి మీరో కాదో ఏ పుస్తకమూ చెప్పలేదు, మీ ఒంటితో మీరే తేల్చుకోవాలి.

తేల్చుకునే తీరు 1991లో నార్వేవాళ్లు చూపించారు. 27 మంది కీళ్లవాతం రోగులకు వారం పదిరోజులు ఉపవాసంలాంటి పలుచటి ఆహారం పెట్టి, ఆ తర్వాత రెండురోజులకొక కొత్త పదార్థం చేర్చుకుంటూ పోయారు. 48 గంటల్లోపు నొప్పో వాపో పెరిగితే దాన్ని కనీసం వారం పక్కనపెట్టి మళ్లీ పెట్టారు. రెండోసారీ పెరిగితేనే దోషి. మామూలు తిండి తిన్న 26 మందితో పోలిస్తే వీళ్లకు నయమనిపించింది, ఏడాది తర్వాతా నిలిచింది. చిన్న పరిశోధన, అందరూ ఒప్పుకున్నదీ కాదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2022లో చేసిన సూచనల్లో కీళ్లవాతానికి కూరగాయలు, పప్పులు, చేప, ఆలివ్ నూనెల మధ్యధరా తీరపు భోజనానికే, అదీ షరతులతో, సరేనంది. మిగతా పేరుపెట్టిన పథ్యాలు వద్దంది. అయినా ఆ రెండోసారి పెట్టి చూడడం ఉంది చూశారూ, మా ఊళ్లో ఏ వైద్యుడూ నాకు చెప్పనిది అదే.

రెండోసారి ఎందుకంటే, ఈ జబ్బులు వాటంతటవే ఎక్కుతుంటాయి, దిగుతుంటాయి. మనం వంకాయ మానేది ఎప్పుడు? నొప్పి నెత్తికెక్కినప్పుడు. నెత్తికెక్కింది మానినా మానకున్నా కొంత దిగుతుంది. ఆ దిగిన పేరు వంకాయ మానినందుకు పోతుంది. మరుసటి నెల పెళ్లిలో పొరపాటున ఒక ముక్క తింటాం, అదేవారం యాదృచ్ఛికంగా వేలు వాస్తుంది. ఇక ఆ ఇంట్లో వంకాయకు యావజ్జీవ శిక్ష.

వంకాయను తిరిగి తెచ్చుకోవడానికీ ఒక ఒడుపుంది. గుత్తివంకాయతో మొదలుపెడితే పని చెడుతుంది. అందులో చెనక్కాయలు, నువ్వులు, చింతపండు, ఎండుమిరప అన్నీ ఉన్నాయి, ఏది కరిచిందో ఎవరికి తెలుసు? నిప్పులమీద కాయను కాల్చి, నల్లబడ్డ తోలు ఒలిచి, ఉప్పు మాత్రం వేసి మెదిపి రాగిముద్దలో నంజుకున్నాను. ఇంట్లో మిగతావాళ్లు జాలిగా చూశారు. ఆ వారంలో కొత్తది ఇంకేదీ తినలేదు, మందు మోతాదు మార్చలేదు. నోటుబుక్కులో రాసుకునేవి పెద్ద విషయాలేమీ కావు: లేచాక పిడికిలి పూర్తిగా ముడుచుకోవడానికి ఎంతసేపు పట్టింది, చొక్కా గుండీలు ఒంటిచేత్తో పెట్టుకున్నానా లేదా, ఏ వేళ్లు వాచాయి. మోచేతి మచ్చ పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోటో. కీళ్లు రెండుమూడు రోజుల్లో కబురు చెబుతాయి గానీ చర్మం అంత తొందరగా నోరు విప్పదు, దానికి వారాలు ఆగాలి. వంకాయ నన్ను ఏమీ చేయలేదు. టమాటా కూడా. పాల సంగతి ఇంకా తేలలేదు. దిల్‌పసంద్ మానడంతో బరువు దిగాక మచ్చలు పలచబడ్డ మాట నిజం, అది మైదా చలవో బరువు చలవో నేను చెప్పలేను.

రక్తం తీసుకుని 'మీకు పడని వంద పదార్థాలు' అని కాగితమిచ్చే ఐజీజీ పరీక్షలు కూడా వచ్చాయి. వేలల్లో ఖర్చు. తరచూ తినే తిండికి ఐజీజీ అనే ఆ యాంటీబాడీ రక్తంలో కనబడడం మామూలేనని, దాన్నిబట్టి పథ్యం పెట్టొద్దని అలర్జీ నిపుణుల సంఘాలే అంటున్నాయి. ఆ డబ్బుతో కూరగాయలు కొనుక్కోండి.

ఇక ధర్మవరంలో ఉండే మా మేనత్త సంగతి. ఆమెది కీళ్లవాతం. ఇంట్లో గుంతమగ్గం, మామ నేస్తాడు, ఆమె కండెలు చుట్టి, అచ్చు అతుకుతుంది. అచ్చు అతకడమంటే పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలిపెట్టి కలపడం, వేల పోగులు. ఆ రెండువేళ్లే ముందు వాచాయి. ఎవరో చెప్పిన ఆకుమందు పొడి తెచ్చుకుంది, పొడితోపాటు చిట్టా కూడా ఇచ్చారు. నొప్పి వారంలో తగ్గింది, ముఖం గుండ్రంగా ఉబ్బింది, షుగరు పెరిగింది. పొడిలో ఏముందో పొట్లంమీద రాసిలేదు. ఇట్లాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలపడం దేశంలో చాలాచోట్ల బయటపడింది, ఈమెను చూసిన డాక్టరు అనుమానమూ అదే. మహిమ పొడిది, పేరు పథ్యానికి. ఆ భరోసాతోనే ఆమె వారానికొకసారి వేసుకునే కీళ్లవాతం మందు మెథోట్రెక్సేట్ మానేసింది. కీళ్లవాతంలో ఎముక కొరుక్కుపోవడం మొదటి రెండేళ్లలోనే మొదలవుతుంది, పోయిన ఎముక ఏ పథ్యంతోనూ తిరిగిరాదు. ఇప్పుడు మందు మళ్లీ మొదలైంది, వారానికి ఒక్కరోజే, వేరే రోజున ఫోలిక్ యాసిడ్. ఆ వారపు మాత్రను రోజూ మింగితే ప్రాణాపాయం కాబట్టి క్యాలెండర్లో బుధవారాలకు సున్నా చుట్టిపెట్టారు.

మందు దారిలో పడ్డా చిట్టా మాత్రం ఆమెను వదల్లేదు. పప్పులు లేవు, చెనక్కాయలు లేవు, గుడ్డు లేదు. మనిషి చిక్కిపోయింది, రక్తం తగ్గింది. కీళ్లవాతం మగవాళ్లకంటే ఆడవాళ్లకు రెండుమూడింతలు ఎక్కువ. అంటే పథ్యం ఎవరికి అవసరమో వంట చేసేదీ వాళ్లే. నాకు విడిగా కాల్చిన వంకాయ పెట్టడానికి ఇంట్లో మనుషులున్నారు. ఆమె అందరికీ పులుసు కాచి, తాను మజ్జిగన్నం తిని లేచేది. పథ్యం పుస్తకాలు రాసేవాళ్లు ఈ రెండో పొయ్యి ఎవరు వెలిగిస్తారో రాయరు.

ఇప్పుడు కోడలు పూనుకుంది. పోపు పెట్టకముందే అత్తకు ఒక గిన్నె విడిగా తీస్తుంది. డాక్టరుకు చెప్పే, ఒక్కొక్కటే తిరిగి తెస్తున్నారు. ముందు చెనక్కాయలు, బలానికి అవే ముఖ్యం గనక. ఏమీ కాలేదు. తర్వాత కందిపప్పు. గుడ్డుకు ఒకసారి వేళ్లు పట్టేసినట్టనిపించింది, వారం ఆపి మళ్లీ పెడితే ఏమీ లేదు. అచ్చు అతకడం మాత్రం ఇంకా చేతకావడంలేదు, కండెలు చుడుతోంది.

మొన్న ఫోన్ చేసి చింతపండు వంతు వచ్చిందంది. ఏళ్లుగా పులుపు ముట్టని మనిషి.

"మీ హిందూపురం మార్కెట్లో తీసుకో అల్లుడా. పరీక్షకే కదా అని ఫ్లవర్ రకం తెస్తివనుకో, ఊరుకునేది లేదు. కరిపులే తేవాల. రేటెంతైనా మీ మామ ఇస్తాడులే."

"రసం మాత్రమే అత్తా, కొంచెం. మిరపకాయ వేయకూడదు."

"మిరపకాయ లేని చారు ఏం చారబ్బా? సరే, మిరియం వేస్తాంలే. నువ్వు ముందు చింతపండు తే."